నత్తనడక అనకు: స్లో లోరిస్ గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి,

స్లో లోరిస్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చేయి తిరుగుతోంది, సంతోషం. అయితే మొదటి వాక్యమే "నత్తనడక నడిచే కోతి" అని మొదలైంది. మూడు మాటల్లో రెండు తప్పులు.

ముందు కోతి సంగతి. రాత్రిపూట చెట్ల మీద తిరిగే స్లో లోరిస్ ప్రైమేటే (కోతులూ లీమర్లూ మనుషులూ ఉన్న క్షీరదాల వర్గం) కానీ కోతి కాదు. కోతులూ మనమూ ఒక కొమ్మ వాళ్లమైతే, లోరిస్‌లూ మడగాస్కర్ లీమర్లూ ఇంకో కొమ్మవి. కుక్కకున్నట్టు తడి ముక్కు, కాలి రెండో వేలికి ఒళ్లు గోక్కునే పొడుగాటి గోరు, దువ్వెన పళ్లలా ముందుకు వాలిన కింది పళ్లు: ఈ మూడూ ఆ కొమ్మ గుర్తులు. పోనీ కోతి వద్దు, దేవాంగపిల్లి అందామనుకుంటావేమో, అదీ వద్దు. దేవాంగపిల్లి దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఉండే సన్నకాళ్ల చుట్టం. నువ్వు రాస్తున్నది బొద్దుగా, తోక ఉందా లేదా అన్నట్టుండే జంతువు. తెలుగులో దానికి వాడుక పేరు లేదు కాబట్టి స్లో లోరిస్ అనే రాయి. బెంగాలీలో లజ్జాబతి బానొర్ అంటారు, ఇండోనేషియాలో మలు-మలు అంటారు. రెంటిలోనూ సిగ్గు అనే మాటే ఉంది. మొహం దాచుకుని ముడుచుకునే అలవాటును చూసి పెట్టిన పేర్లవి. నీ వ్యాసానికి ఇంతకన్నా మంచి ఎత్తుగడ దొరకదు.

ఇంకొకటి. స్లో లోరిస్ అంటే ఒకే జాతి కాదు. బెంగాల్ లోరిస్ మన ఈశాన్య రాష్ట్రాల నుంచి వియత్నాం దాకా ఉంటుంది, రెండు కిలోల వరకు తూగుతుంది. జావా లోరిస్ ఆ ఒక్క దీవిలోనే ఉంటుంది. వియత్నాం, లావోస్ అడవుల పిగ్మీ లోరిస్ బరువు సుమారు అర కిలోయే. చలికాలంలో ఒంటి వేడి తగ్గించుకుని, ఒక్కోసారి 63 గంటల వరకు కదలకుండా మగతలో ఉండిపోతుందని వియత్నాంలో కొలిచి చూసింది ఈ పిగ్మీలోనే. నువ్వు దాన్ని లోరిస్‌లన్నిటికీ అంటగట్టావు. ఏ జాతిలో చూసిన సంగతో పక్కనే రాయి.

ఇక నడక. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు. నత్త ఈడ్చుకుంటూ పోతుంది. లోరిస్ ఒక చేయి వదిలి, ముందు కొమ్మను తడిమి, పట్టు చిక్కాకే తర్వాతి కాలు కదుపుతుంది. మిగతా మూడూ కొమ్మను అంటిపెట్టుకునే ఉంటాయి. దూకడం దానికి రాదు. రెండు కొమ్మల మధ్య ఖాళీ వస్తే వెనక్కాళ్లతో బిగించి పట్టుకుని, ఒళ్లంతా గాలిలోకి చాచి, అవతలి కొమ్మను అందుకుంటుంది. ఆకు కదలదు, కొమ్మ ఊగదు. చీకట్లో కదలికనే వెతికే శత్రువుకు అది కనపడదు. అలికిడి వినిపిస్తే అడుగు మధ్యలోనే ఆగిపోతుంది, ప్రమాదం తొలగేదాకా అలాగే ఉంటుంది.

అంతసేపు ఎలా పట్టుకోగలదు? మనకు ఉడుంపట్టు అనే మాట ఉంది, దాన్ని ఇక్కడ వాడుకో, తర్వాత కారణం చెప్పు. చూపుడువేలు మొండిగా మిగిలింది. బొటనవేలు మిగతా వేళ్లకు సరిగ్గా ఎదురుగా తిరిగి ఉంటుంది. చేయి మొత్తం పట్టకారు అన్నమాట. చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు చీలి, జడలా అల్లుకుని ఉంటాయి కాబట్టి గంటల తరబడి బిగించినా తిమ్మిరెక్కదు. దానికి తోడు, ఆ సైజు క్షీరదం విశ్రాంతిలో ఖర్చు చేయాల్సిన శక్తిలో సుమారు 40 శాతమే ఖర్చు చేస్తుంది. అలాగని బద్ధకం అని రాసేవు సుమా. పురుగు అందుబాటులోకి వస్తే వెనక్కాళ్ల మీద నిలబడి రెండు చేతులూ ఒక్కసారిగా విసురుతుంది. ఆ క్షణం నీ వ్యాసంలో లేదు. నెమ్మది వాక్యాలు వరసగా రాసి, అక్కడ ఒక పొట్టి వాక్యం వెయ్యి.

తిండి గురించి "పండ్లు తింటుంది" అని సరిపెట్టావు. పండ్లు, తేనె, పురుగులు ఉంటాయి కానీ చెట్టు బంకను మరిచిపోకూడదు. కింది పళ్లతో బెరడును గీరి, ఊరిన బంకను నాకుతుంది, అదే చెట్టుకు మళ్లీ మళ్లీ వస్తుంది. పాఠకుడికి ఈ పళ్ల పని తెలిస్తేనే, పెంపుడు జంతువుగా అమ్మేవాళ్లు ఆ పళ్లను గోళ్ల కత్తెరతో మత్తు కూడా ఇవ్వకుండా కత్తిరించడం ఎంత ఘోరమో అర్థమవుతుంది. చిగుళ్లకు చీము పట్టి చాలా వాటి ప్రాణం పోతుంది. బతికినవి బంక గీరుకోలేవు, అందుకే వాటిని తిరిగి అడవిలో వదలలేరు.

కత్తిరించడానికి కారణం విషం. మోచేతి మడత లోపలివైపు ఒక గ్రంథి ఉంది. బెదిరినప్పుడు చేతులు తలపైకెత్తి ఆ స్రావాన్ని నాకుతుంది, ఉమ్మితో కలిసి అది కాటులోకి దిగుతుంది. అందులోని ప్రొటీన్ పిల్లుల వల్ల వచ్చే అలర్జీకి కారణమైన ప్రొటీన్‌ను పోలి ఉంటుంది. కరిస్తే కొందరికి ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. జావా లోరిస్‌లు ఈ విషాన్ని ఎక్కువగా ఒకదానిమీద ఒకటి, తమ హద్దుల కోసం, జత కోసం వాడతాయని 2020లో వచ్చిన పరిశోధన చూపింది. "చక్కిలిగిలి పెడితే ముద్దుగా చేతులెత్తుతుంది" అన్న నీ వాక్యాన్ని పూర్తిగా తీసెయ్యి. ఇంటర్నెట్‌లో తిరిగే ఆ చక్కిలిగిలి వీడియోలో ఉన్నది భయం. అలాంటి వీడియోలు చూసి కొనేవాళ్లున్నారు. 2007 నుంచి సైటిస్ (ముప్పున్న జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే వ్యాపారం నిషేధించిన జాబితాలో, ఉన్నా అక్రమ వ్యాపారం ఆగలేదు. ముద్దు అనే మాట వ్యాసంలో ఎక్కడా వద్దు.

చూసి రాయాలనుకుంటే తెల్లటి లైటు, ఫ్లాష్ పనికిరావు. తలలైటుకు ఎర్ర ఫిల్టర్ వేసి, లైటు కళ్ల ఎత్తులోనే ఉంచి కొమ్మల మీద మెల్లగా తిప్పు. కంటి వెనక పొర వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి నారింజ రంగు చుక్కలు రెండు కనిపిస్తాయి. కనిపించాక అక్కడే ఆగు, చెట్టు కిందికి వెళ్లకు. ఏ చెట్టు, ఎంత ఎత్తు, ఏం చేస్తోంది అన్నవి ఐదేసి నిమిషాలకోసారి రాసుకో. పగలు వెతకడం వృథా. వెదురు పొదల్లోనో తీగల గుబురులోనో తల ఒడిలో పెట్టుకుని ఉండలా నిద్రపోతుంది.

చివరి పేరాలో కొమ్మ మీద ఒంటరిగా ఉన్న పిల్లను "తల్లి వదిలేసిన అనాథ" అన్నావు. ఆరు నెలలకు పైగా మోసి కన్న పిల్లను తల్లి రాత్రి మేతకు వెళ్తూ కొమ్మ మీద ఉంచి వెళ్తుంది, తిరిగొచ్చి తీసుకుంటుంది. పిల్ల కదలకుండా పట్టుకుని ఉంటుంది. అనాథ అనుకుని దాన్ని ఇంటికి తీసుకెళ్తే తల్లి వచ్చేసరికి కొమ్మ ఖాళీగా ఉంటుంది. ఆ పేరా మార్చి పంపు.

ఆశీస్సులతో.