పాల లెక్కతో మొదలుపెట్టండి

ఇంటి చదువు: పాఠకుల ఉత్తరాలు, జవాబులు

(రాజమహేంద్రవరంలో నాలుగేళ్లుగా తన ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతున్న తల్లి ఈ నెల ఉత్తరాలకు జవాబిస్తున్నారు.)

ప్రశ్న: అక్కా, మా బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. బాబు రోజూ పొద్దున్నే కడుపునొప్పి అని ఏడుస్తుంటే దసరా సెలవుల తర్వాత మళ్లీ బడికి పంపలేదు. నేనే చెబుతున్నాను. తొమ్మిదింటి నుంచి పన్నెండింటి దాకా కూర్చోబెడుతుంటే పదింటికల్లా ఇద్దరం ఏడుపే. ‘వాడి బతుకు పాడుచేస్తున్నావు’ అంటున్నారు మా అత్తయ్యగారు. చట్టం ప్రకారం ఇది తప్పా? రేపు పదో తరగతి ఎలా రాయించాలి? రోజుకి ఎన్ని గంటలు చెప్పాలి?
– ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. ఆ కడుపునొప్పి సంగతి పిల్లల డాక్టరుకి చూపించారా? బడి మానేశాక తగ్గిపోయినా సరే, ఒకసారి చూపించండి. అక్కడ ఏం జరిగిందో కూడా నెమ్మదిగా అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. స్నానం చేయిస్తున్నప్పుడో, అన్నం కలిపి పెడుతున్నప్పుడో వాళ్లంతట వాళ్లే బయటపెడతారు.

ఇక గంటల సంగతి. ఏడేళ్ల పిల్లవాడికి కూర్చుని చదివే చదువు రోజుకి గంట చాలు. ఆ గంట కూడా ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు. బడిలో ఆరేడు గంటలు చెబుతారు కదా అనిపిస్తుంది. అక్కడ ఒక్క టీచరు ముప్పై నలభై మందిని చూసుకోవాలి. హాజరు, పుస్తకాలు దిద్దడం, అల్లరి ఆపడం అన్నీ ఆ గంటల్లోనే. మీ ముందున్నది ఒక్కడు. వాడికి అర్థమైందో లేదో మొహం చూస్తే తెలిసిపోతుంది.

నేను మొదటి ఏడాది ఏం చేశానో మీకు చెప్పాలి. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. హాల్లో నల్లబల్ల కొట్టించాను. గోడకి టైమ్‌టేబుల్ అంటించాను. పూజగదిలో గంట తెచ్చి పీరియడ్ పీరియడ్‌కీ మోగించేదాన్ని. రెండో నెలలో ఒకరోజు బియ్యం డబ్బా జరిపి ఊడుస్తుంటే వెనక కాపీరైటింగ్ పుస్తకం దొరికింది. పోయిందని చెప్పి నాతో కొత్తది కొనిపించుకున్న పుస్తకం అది. తెరిస్తే ‘ఋ’ రాసిన పేజీ. మొదటి రెండు వరుసలు గుండ్రంగా ముద్దుగా ఉన్నాయి. మూడో వరుస నుంచి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరి వరుసలో పెన్సిల్ ముల్లు కాయితాన్ని చీల్చుకుని అవతలి పేజీలోకి దిగింది. ఆ వేళ్లు పెన్సిల్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నాయో ఆ చిరుగు చూస్తే తెలిసింది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. గంట ఆ సాయంత్రమే పూజగదికి వెళ్లిపోయింది. నల్లబల్ల మాత్రం ఉంచాను, బొమ్మలు వేసుకుంటారని.

ఆ తర్వాత మూడు నెలలు రాత ఊసెత్తలేదు. రాత్రిళ్లు కథలు చదివి వినిపించేదాన్ని. పని మీద వెళ్లినప్పుడు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పావుగంట ఆగి బస్సు బోర్డులు చూసేవాళ్లం. ‘మ’, ‘య’ దానికి ఎప్పుడూ తారుమారయ్యేవి. ఒకరోజు కడియం బస్సు పక్కన మండపేట బస్సు ఆగి ఉంది. రెండు బోర్డులనీ మార్చి మార్చి చూసి, ‘‘ఇందులో మూడో అక్షరం, అందులో మొదటి అక్షరం అక్కచెల్లెళ్లమ్మా, ఒకటి కాదు’’ అంది. మళ్లీ ఎప్పుడూ తడబడలేదు. ఏడో ఏడు వచ్చేసరికి ఉత్తరం ముక్క తనే రాసింది, వాళ్ల తాతకి.

లెక్కలకి కూడా పుస్తకం తర్వాత తెరవండి. మా ఇంట్లో రోజూ అరలీటరు గేదెపాలు పోయించుకుంటాం. పాలు రాని రోజు వంటింటి క్యాలెండర్‌లో ఆ గడిలో ‘నా’ అని రాయడం మావాడి పని. నాగా అన్నమాట. వాడికిప్పుడు ఏడేళ్లు. మొన్న ఒక నెలాఖరు లెక్క వాడికే అప్పజెప్పాను. ముప్పై రోజుల నెల, మూడు నాగాలు పోతే ఇరవై ఏడు అరలీటర్లు. అక్కడ ఆగిపోయాడు. నోటిదాకా వచ్చింది నాకు, చెప్పేద్దామని. ఆపుకున్నాను. వాడు క్యాలెండర్ దించి నేల మీద పరిచి రెండేసి రోజుల్ని కలిపి ఒక సున్నా చుట్టడం మొదలుపెట్టాడు. నాగాలు దాటుకుంటూ పదమూడు సున్నాలయ్యాక ముప్పయ్యో తేదీ ఒంటరిగా మిగిలింది. దాని చుట్టూ సగం సున్నా గీసి ‘‘పదమూడున్నర’’ అన్నాడు. లీటరు 80 రూపాయలు. పదమూడు ఎనభైలు, పైన ఒక నలభై, మొత్తం 1080. మర్నాడు పాలాయన జేబులోంచి తన చీటీ తీసి చూసుకుని ‘‘సరిపోయింది బాబూ’’ అన్నప్పుడు వాడు నా వైపు చూసిన చూపు ఇచ్చిన సంతోషం నాకు ఏ మార్కుల కార్డూ ఇవ్వలేదు. భిన్నాలు అనే మాట ఇంకా వాడితో అననేలేదు.

పాపకి నాలుగేళ్లే కదా, దానికి పాఠాలు పెట్టకండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూసి, ఆటపాటలతోనే నేర్పమంటోంది.

చట్టం గురించి టెన్షన్ పడకండి, కానీ తెలుసుకుని ఉండండి. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి వర్తిస్తుంది. దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్‌లో ఉంది. చేర్పించకపోతే ఇంత జరిమానా, ఇంత శిక్ష అని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. ఇంటి చదువుని పేరుపెట్టి ఒప్పుకోనూ లేదు, వద్దననూ లేదు. మీకు ధైర్యమిచ్చేది 4వ సెక్షన్. ఇన్నాళ్లూ బడికి వెళ్లని పిల్లల్ని కూడా వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, తోటివారిని అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అంటుంది. వచ్చే ఏడాది మనసు మారితే దారి మూసుకుపోదు. పాత బడి నుంచి టీసీ తీసుకుని దాచండి. వాడు రాసినవి, గీసినవి తేదీలు వేసి ఒక ఫైల్లో పెట్టండి.

పదో తరగతికి ఓపెన్ స్కూలు ఉంది, రోజూ బడికి వెళ్లకుండా చదివి పరీక్ష రాసే పద్ధతి. మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం, కేంద్రంలో ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ). పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో అంతకుముందే మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానమైన స్థాయిలు కూడా ఉన్నాయి. మీకు ఇంకా ఏడేళ్ల టైముంది. అప్పటిదాకా మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే దగ్గర పెట్టుకోండి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి, మీకూ సుళువు.

అత్తయ్యగారితో వాదించకండి. వాడి మీద ప్రేమతోనే ఆవిడ భయపడుతున్నారు. ఆవిడకి ఒక పాఠం అప్పజెప్పండి. మా అత్తయ్య కూడా ఏడాది పాటు నాతో ముభావంగానే ఉన్నారు. అటక మీద పాత కొలపాత్రలు దింపమని మావాడు గొడవ చేస్తే ఆవిడే కూర్చుని బియ్యంతో కొలిచి చూపించారు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి పదహారు సోలలని వాడు కొలిచే చెప్పాడు. అప్పటి నుంచి శనివారం పాఠం ఆవిడదే, నన్ను వంటింట్లోంచి కదలనివ్వరు.

ప్రశ్న: మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం, ఇంటి నుంచే పని. ఐదేళ్ల పాపని ఇంట్లోనే చదివించాలని ఆశ. కుదురుతుందా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఇద్దరూ పొద్దుట నుంచి సాయంత్రం దాకా కాల్స్‌లో ఉంటే కుదరదండి. చెప్పే గంట చిన్నదే. మిగిలిన రోజంతా పిల్ల మన చుట్టూనే తిరుగుతుంది. ‘‘ఎందుకు’’ అని అడుగుతుంది, పిండి ఒలకబోస్తుంది. చదువంతా అక్కడే ఉంది. ఆ సమయంలో నోటి మీద వేలు పెట్టి ‘ష్’ అనే ఇల్లు కన్నా మంచి బడి నయం. నేను ఉద్యోగం మానేశాను. ఒక్క జీతంతో నెల గడవడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి మిమ్మల్ని మానమని అనలేను. మీలో ఒకరికి పూట పని దొరికితే అప్పుడు ఆలోచించండి. అప్పటిదాకా దగ్గర్లోని బడికి పంపి, రాత్రి ఫోన్లు పక్కగదిలో పెట్టేసి అరగంట కథ చదవండి.

ప్రశ్న: అమ్మాయ్, మా మనవరాలికి ఎనిమిదేళ్లు. కోడలు ఇంట్లోనే చదివిస్తోంది. చదువు బాగానే వస్తోంది గానీ, తోటి పిల్లలు లేకుండా ఒంటిపిల్లలా పెరుగుతుందేమోనని నా బెంగ.
– ఒక నాయనమ్మ, హనుమకొండ

జవాబు: పెద్దమ్మగారూ, మీ బెంగ నిజమైనది. నాకు వచ్చే ఉత్తరాలన్నిట్లో ఈ ప్రశ్ననే ఎక్కువ గౌరవిస్తాను. మొదటి ఏడాది మా అమ్మాయి మధ్యాహ్నం మూడింటి నుంచి గేటు చువ్వలు పట్టుకుని నిలబడేది, బడి ఆటో ఎప్పుడొస్తుందా అని. చూస్తుంటే నాకు గుండె పట్టేసినట్టుండేది. ఇంటి చదువులో లెక్కలూ తెలుగూ వాటంతటవే కుదురుకుంటాయి. స్నేహాలు అలా కుదరవు, మనం కష్టపడి కుదర్చాలి.

మేం చేసింది ఇది. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఎంత పనున్నా పిల్లలు వీధిలోనే. చుట్టాలొచ్చినా సరే. ఆదివారాలు ఆ వీధి పిల్లల్లో ఇద్దరు ముగ్గుర్ని కూడా వెంటబెట్టుకుని ఎటైనా వెళ్తాం. కడియం నర్సరీల్లో అంట్లు కట్టడం చూశారు. ధవళేశ్వరంలో ఆనకట్ట చూసి, ఇంటికొచ్చి పెరట్లో మట్టితో కట్టి నీళ్లు వదిలారు. గోదావరి గట్టున కూర్చుని, 1900లో కట్టిన హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లెందుకు పోవడం లేదని ఒకళ్లనొకళ్లు అడుగుతారు. పోట్లాడుకుంటారు కూడా. మొన్న మావాడు ఆటలో తొండి చేస్తే వారం రోజులు ఎవరూ పిలవలేదు. నేను కల్పించుకోలేదు. ఎనిమిదో రోజు వాడే వెళ్లి ‘‘ఇంక చెయ్యను’’ అని చెప్పి ఆటలో కలిశాడు.

మీ కోడలితో నెమ్మదిగా ఈ మాట కదపండి, తప్పుపట్టినట్టు కాకుండా. సాయంత్రం వేళ మీరు గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, మరమరాల డబ్బా, బెల్లం ముక్కలు పక్కన పెట్టుకుని కూర్చోండి. నాలుగు రోజుల్లో వీధి పిల్లలంతా మీ దగ్గరే ఉంటారు. మనవరాలూ అక్కడే ఉంటుంది.