మా ఊరి పక్క కొండ మీద గని వస్తోంది, ఒప్పుకోవాలా?

గనీ కావాలి, కొండా మిగలాలి అంటే కుదురుతుందా అని మీరు అడిగారు. కొన్ని కొండల మీద కుదరదు. ఆ మాట ముందే ఒప్పుకుంటే మిగతా చోట్ల బేరం నిజాయితీగా సాగుతుంది.

మాది ఒడిశాలోని రాయగడ. తాతగారు పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. నాన్నగారిది పసుపు, చింతపండు వ్యాపారం. చిన్నప్పుడు ఆయన వెంట చాటికోన సంతకు వెళ్లేవాణ్ణి. నియమగిరి కొండ మీది నుంచి, అక్కడే ఉండే డోంగ్రియా కొంధు ఆదివాసులు పసుపు, అనాస దించేవారు. మే నెలలో మా వీధి బావి అడుగంటినా ఆ కొండ వాగు ఆగేది కాదు. కొండ నెత్తిన ఉన్న బాక్సైటు (అల్యూమినియం ముడి ఖనిజం) పొర గుల్లగా ఉండి వాననీటిని పట్టి ఉంచుతుంది, మెల్లగా ఊటలకు వదులుతుంది. అటువైపు కొండల నీరే వంశధార, నాగావళిగా శ్రీకాకుళం చేరుతుంది. 2013లో నియమగిరి మీద ఆ బాక్సైటు తవ్వాలా వద్దా అనే నిర్ణయాన్ని సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలితే, జిల్లా జడ్జి స్థాయి అధికారుల ఎదుట 12 ఊళ్లూ తవ్వకం వద్దన్నాయి.

అన్ని సభలూ అలా జరగవు. కొన్నేళ్ల తరువాత మరో కొండ కింద ఊరిలో సభకు వెళ్లాను. కాగితాలు ఒడియాలో ఉన్నాయి, ఊరివాళ్లు మాట్లాడేది కువి అనే కొంధుల భాష. ఒక ముసలమ్మ చేత వేలిముద్ర వేయించారు. దేనికని అడిగితే హాజరుకు అన్నారు. ఆ పేజీలో పై సగం ఖాళీగా ఉంది. తీర్మానం తరువాత రాస్తారట! ఆమె సిరా వేలు కొంగుకు తుడుచుకుంటూ నా వైపు చూసింది. నేను గట్టిగా అడ్డు చెప్పలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది.

కాబట్టి తీర్మానం మీ భాషలో చదివి వినిపించాకే వేలిముద్ర వేయండి. ఖాళీ కాగితం మీద వద్దే వద్దు. డబ్బు సంగతి ఆ తరువాత. 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధికి, వేలంలో లీజు పొందినవారు రాయల్టీలో (ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ములో) 10 శాతానికి, పాత లీజులవారు 30 శాతానికి సమానమైన సొమ్ము అదనంగా కట్టాలి. అది జిల్లా కేంద్రంలో భవనాలకు కాదు, గని దెబ్బ తగిలే ఊళ్లకు. మీ వంతు ఎంతో సభలోనే అడగండి.

అన్నిటికన్నా ముందు మీ ఊటలు లెక్క రాసుకోండి. ఏది ఎక్కడ ఉంది, బిందె నిండడానికి ఎంతసేపు పడుతుంది, ఎన్ని ఇళ్లు తాగుతున్నాయి, తేదీతో సహా. ఈ వేసవిలోనే చేయండి. వానలు పడ్డాక అన్ని వాగులూ ఒకేలా పారతాయి.