చీటీ కోసం పిల్లల గుడ్డు తగ్గించొద్దు

ప్రశ్న: ఖమ్మంలో బట్టల షాపులో పనిచేస్తాను. జీతం 34 వేలు. అమ్మాయికి 14 ఏళ్లు, అబ్బాయికి 12. ఏడాదిగా తిండి ఖర్చు బాగా పెరిగింది. మూడు వేల చీటీ వచ్చే నెలతో అయిపోతుంది, ఈసారి ఐదు వేలది వేద్దామని ఉంది. పాలు, గుడ్లు కొంచెం తగ్గిద్దామంటే మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. హెల్త్ డ్రింక్ డబ్బాలకు, ప్రొటీన్ పౌడర్‌కు నెలకు 2,600 అవుతోంది, అవి ఎలాగూ తప్పవు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ మాట వినండి. పాలు, గుడ్ల జోలికి వెళ్లకండి. ఆపాల్సింది ఆ డబ్బాలు.

ఆడపిల్లలు పది పన్నెండేళ్లకే పొడవు సాగడం మొదలుపెడతారు, మగపిల్లలు ఓ రెండేళ్లు ఆలస్యంగా. మీ ఇంట్లో ఇద్దరూ ఇప్పుడు ఎదిగే వయసులోనే ఉన్నారు. రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నారంటే అది దుబారా కాదండీ. పెద్ద చీటీ రెండేళ్లాగి వేసుకోవచ్చు, ఈ ఎదుగుదల మాత్రం ఆగి మీకోసం చూడదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 13-15 ఏళ్ల అమ్మాయికి రోజుకు 43 గ్రాముల ప్రొటీన్, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం, 30 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. అదే వయసు అబ్బాయికి ఐరన్ 22 చాలు. నెలసరిలో రక్తం పోతుంది కాబట్టి అమ్మాయికి ఎక్కువ కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. డబ్బు ప్రశ్నకు ఇది జవాబు కాకపోయినా అడుగుతున్నా: మీ ఇంట్లో గుడ్డు ముందు ఎవరి కంచంలో పడుతోంది?

ఇక ఆ డబ్బాల సంగతి. హెల్త్ డ్రింక్ అనే మాటకు ఆహార భద్రతా చట్టంలో నిర్వచనమే లేదు. ఆ పేరు కింద వాటిని పెట్టొద్దని 2024లో కేంద్రం ఆన్‌లైన్ కంపెనీలకు చెప్పింది. ప్రొటీన్ పౌడర్లు వద్దని ఆ ఏడాదే పోషకాహార సంస్థ సూచించింది.

ఆ 2,600తో ఏమొస్తుందో చూడండి. ఇప్పుడు కొనేవాటికి అదనంగా రోజుకు రెండు గుడ్లు, అర లీటరు పాలు, నెలకు రెండు కిలోల రాగిపిండి, కిలో పల్లీలు కలిపితే నెలకు 1,600 దాకా అవుతుంది. ఉదయం రాగిజావ, సాయంత్రం ఉడికించిన గుడ్డు ఇవ్వండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ మాత్రం ఇవ్వకండి.

మిగిలిన వెయ్యిని బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా ఇంత అని దాచుకునే డిపాజిట్) కట్టండి. జూన్‌లో కొన్న బూట్లు సంక్రాంతికే బిగుతయ్యే వయసు ఇది, అప్పుడు అప్పు చేయక్కర్లేదు. చీటీ మళ్లీ మూడు వేలదే వేయండి. ఐదు వేలది వేసి ఓ నెల కట్టలేకపోతే ఆ టెన్షన్ మీ ఇంటికి వద్దు.

ఈ వారమే అమ్మాయిని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. అక్కడ డబ్బు కట్టక్కర్లేదు.