పొయ్యిని బట్టే పెనం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆరుబయట వంట

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో నలుగురం కారులో మారేడుమిల్లి వెళ్లి ఒక రాత్రి టెంట్‌లో ఉండాలనుకుంటున్నాం. ఇంట్లో ఉన్న నాన్‌స్టిక్ పెనం పట్టుకెళ్తే చాలా, వేరేది కొనాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వండేది గ్యాస్ మీదైతే నాన్‌స్టిక్ చాలు, మంట సన్నగా ఉంచుకోండి. కట్టెల మీదైతే వద్దు. ఆ పూత సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటాక పాడవడం మొదలవుతుంది, ఇంకా కాలితే ఊపిరితిత్తులకు పడని పొగ వదులుతుంది. కట్టెల మంట మీద ఖాళీ పెనం కాసేపట్లోనే ఆ వేడి దాటేస్తుంది. పక్కనుంచి లేచే మంటకు బేకలైట్ పిడి కూడా మాడిపోతుంది.

కట్టెలకు ఇనుమే మేలు. పోత ఇనుముది వేడిని బాగా పట్టి ఉంచుతుంది. పది అంగుళాలదే రెండు కిలోల పైన తూగుతుంది, బండ మీద పడితే పగలొచ్చు కూడా. అయినా మీది కారు ప్రయాణం కాబట్టి ఇంట్లో ఉంటే అదే తీసుకెళ్లండి. కొత్తగా కొంటే మాత్రం ఇనుప రేకుది, అంటే దుకాణాల్లో కార్బన్ స్టీల్ అని అమ్మేది, తీసుకోండి. 24–26 సెం.మీ. వెడల్పు, కనీసం 2 మి.మీ. మందం ఉండాలి. అంతకన్నా పల్చనిదైతే నిప్పు తగిలిన చోట మాడ్చి, పక్కన పచ్చిగా వదిలేస్తుంది. పిడి కూడా ఇనుపదే అయి, రివెట్లతో బిగించి ఉండాలి. దుకాణంలోనే ఖాళీ పెనాన్ని బల్ల మీద పెట్టి చూడండి. పిడి బరువుకు అక్కడే ఒరిగితే, పొయ్యి మీద అసలే నిలవదు. నిజానికి మూడు రాళ్ల పొయ్యి మీద పిడి పెనం కన్నా రెండు చెవుల మూకుడే కుదురుగా కూర్చుంటుంది.

మంట మీద కాదు, నిప్పుల మీద వండండి. కట్టెలు కాలి నిప్పులకు బూడిద పట్టడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. అరచేతిని నిప్పులకు జానెడు ఎత్తున ఉంచి మూడు నాలుగు సెకన్లు ఓర్చుకోగలిగితే వేపుడుకు సరైన సెగ. పొయ్యెక్కించే ముందు పెనం అడుగున, బయటివైపు, గిన్నెల సబ్బు పూస్తే మసి తేలిగ్గా వదులుతుంది. మన పల్లెల్లో గిన్నెలకు మట్టి పూసేదీ ఇందుకే.

రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు రాజేయడం నేరం. అనుమతి ఉన్న క్యాంప్ స్థలంలోనే పొయ్యి పెట్టండి.

ప్రశ్న: కొత్త ఇనుప పెనం కొన్నాను. ఆమ్లెట్ అతుక్కుపోతోంది. తుప్పు పట్టకుండా నూనె రాసి పెడితే జిగటగా తయారైంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: జిగటకు కారణం నూనె ఎక్కువవడమే. సబ్బు, కొబ్బరి పీచుతో గట్టిగా తోమి, పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆరనివ్వండి. గోరువెచ్చగా ఉండగా అర టీస్పూన్ నూనె లోపలా బయటా రుద్ది, పొడి గుడ్డతో అసలు నూనే రాయలేదన్నట్టు తుడిచేయండి. పొగ వచ్చి, ఆగేదాకా కాల్చండి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే నల్లటి గట్టి పొర కడుతుంది. సన్‌ఫ్లవర్, పల్లీ నూనె ఏదైనా ఫరవాలేదు. అవిసె నూనె పొర పెచ్చులుగా లేచిపోతుంటుంది.

ఇక ఆమ్లెట్. నాలుగు నీటి చుక్కలు వేయండి. చుయ్యిమని అక్కడే ఇగిరితే పెనం ఇంకా కాలలేదు. పూసల్లా దొర్లితే బాగా కాలినట్టు. అప్పుడు సెగ తగ్గించి, అర నిమిషం ఆగి, నూనె వేసి గుడ్డు పోయండి. అంచులు వాటంతట అవి లేచేదాకా అట్లకాడ పెట్టకండి. పొర బాగా కుదిరేదాకా ఆ పెనంలో చింతపండు, టమాటా వండొద్దు, పులుపుకు పొర కరిగిపోతుంది.

ప్రశ్న: లంబసింగి చలిలో తెల్లవారుజామున గ్యాస్ డబ్బా స్టవ్ సరిగ్గా మండలేదు. పెద్ద పెనం పెట్టినందుకా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మంట తగ్గడానికి పెనం కారణం కాదు, డబ్బాలో ఉండే బ్యూటేన్ గ్యాస్. సున్నా డిగ్రీల దగ్గర అది ద్రవంగానే ఉండిపోతుంది. వాడుతుంటే డబ్బా ఇంకా చల్లబడుతుంది కాబట్టి అయిదారు డిగ్రీల చలికే మంట సన్నబడుతుంది. రాత్రి డబ్బాను రగ్గులో చుట్టి పెట్టుకోండి. వేడినీళ్లలో ముంచొద్దు, మంట దగ్గర పెట్టొద్దు. స్టవ్‌ను టెంట్‌లోకి తేవద్దు, మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన కూడా ఉండదు.

పెద్ద పెనంతో ప్రమాదం వేరే ఉంది. డబ్బా పక్కనే ఇమిడే క్యాసెట్ స్టవ్ అయితే, పెనం అంచు డబ్బా గది మూత మీదికి రాకూడదు. పెనం సెగ కిందికి తగిలి డబ్బా వేడెక్కి పేలవచ్చు. కొనేముందు బర్నర్ మధ్య నుంచి ఆ మూత దాకా టేపుతో కొలిచి, దానికి రెట్టింపు కన్నా తక్కువ వెడల్పున్న పెనమే ఎంచుకోండి.