సాయంత్రం ఐరిష్ క్లాసుకు వెళ్లబోతున్న అమ్మాయికి

చిట్టీ,

సెప్టెంబర్ నుంచి ఐర్లండ్ వాళ్ల సొంత భాష ఐరిష్ క్లాసుకు వెళ్తానన్నావట. మంచి పని. పిల్లాడి హోంవర్కు కోసమే మొదలుపెట్టినా వాడితో పోటీ పెట్టుకోకు. వాడికి రోజూ బడి, నీకు వారానికి ఒక సాయంత్రం.

డబ్లిన్ హార్కోర్ట్ స్ట్రీట్‌లో కొన్రా నా గేల్గె అనే ఐరిష్ భాషా సంస్థ వాళ్ల క్లాసులు చూడు. 1893లో పుట్టింది అది. చేరేముందు ఒక్కటి అడుగు: ఆ క్లాసు బొత్తిగా రానివాళ్లకా, బడిలో చదివి మరిచిపోయినవాళ్లకా అని. ఇక్కడివాళ్లు చిన్నప్పుడు పదేళ్లకు పైగా ఐరిష్ చదివి కూడా ‘మాకేమీ రాదు’ అంటూ వచ్చి కూర్చుంటారు. వాళ్ల పక్కన నీకు అనవసరమైన టెన్షన్.

అందరూ బెదిరేది మాట మొదటి అక్షరం మారిపోవడం చూసి. పిల్లిని ‘కత్’ అంటారు. నా పిల్లి ‘మొ ఖత్’, మా పిల్లి ‘ఆర్ గత్’. బడిలో బట్టీపట్టిన సరళాదేశ సంధి గుర్తుందా? ‘పూచెను కలువలు’ కాస్తా ‘పూచెను గలువలు’ అయ్యేది. క, త, ప లు గ, ద, బ లైనట్టే ‘ఆర్’ తర్వాత ఇక్కడా అవుతాయి. మనకు ముందు మాట చివర ద్రుతం, అంటే ‘న’కారం, ఉన్నట్టే, వాళ్లకూ పాతకాలంలో ముందు మాట చివర ఉండి అరిగిపోయిన అనునాసికమే దీనికి మూలం. రాతలో మాత్రం అసలు అక్షరాన్ని తీసేయరు, గ ను దాని ముందు చేరుస్తారు. కాబట్టి నిఘంటువులో వెతుక్కోవడం తేలిక.

అవును, కాదు అనడానికి విడి మాటలు లేవని మిగతావాళ్లు తల పట్టుకుంటారు. ‘తాగుతావా’ అంటే ‘తాగుతాను’ అనడం మనకొకరు నేర్పాలా? క్రియ వాక్యం మొదట్లో రావడమే మనకు ఎదురు నడక. దానికి పైకి చదవడం తప్ప వేరే మందు లేదు.

ప్రాంతాల పేర్లతో మన్‌స్టర్, కొనాక్ట్, అల్‌స్టర్ అని మూడు యాసలున్నాయి. ‘ఎలా ఉన్నావు’ అనే పలకరింపే మూడు రకాలు. మొదటి ఏడాది మీ టీచరు యాసే పట్టుకో. మాట పలికే తీరు తెలియకపోతే త్యాంగ్లన్ అనే ఐరిష్ నిఘంటువు సైట్‌లో మూడు యాసల్లోనూ వినొచ్చు. రోజూ ఐరిష్ టీవీ ఛానల్ టీజీ4లో వాతావరణ వార్తలు చూడు. అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, ఈ దేశంలో వానకు కరువు లేదు కదా!

ఐరిష్ ఎంత వచ్చో తేల్చే మేనూత్ యూనివర్సిటీ వాళ్ల టెగ్ పరీక్ష రాయడం, మానడం నీ ఇష్టం. నన్నడిగితే ఆ డబ్బు దాచుకుని వేసవిలో డోనెగల్‌లోని గ్లెన్‌కొలంకిల్‌లో పెద్దవాళ్లకు పెట్టే కోర్సుకు వెళ్లు. నువ్వు తడబడితే ఎదుటివాళ్లు మర్యాదకొద్దీ ఇంగ్లిష్‌లోకి దిగిపోతారు. నువ్వు దిగకు, నవ్వుతూ ఐరిష్‌లోనే కానివ్వు.

క్లాసు ఉన్న సాయంత్రం పిల్లాడి అన్నం, నిద్ర మీ ఆయన పని. ఆ సంగతి ఫీజు కట్టకముందే తేల్చుకో.

మీ పిన్ని