ఒకే క్లాసులో అన్ని స్థాయిల పిల్లలుంటే ఇంగ్లీష్ ఎవరి స్థాయిలో చెప్పాలి?

మీరు కొత్తగా హైస్కూల్లో ఇంగ్లీష్ టీచరుగా చేరానన్నారు. తొమ్మిదో తరగతిలో కొందరు గడగడా చదివేస్తున్నారు, కొందరికి చిన్న అక్షరాలే సరిగా రావు, పాఠం ఎవరికి చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశారు. నేను కోనసీమలోని రాజోలు దీవిలో 18 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను: పిల్లల్ని విడగొట్టకండి. అందరికీ పాఠం ఒక్కటే పెట్టి, చేయించే పని పిల్లవాణ్ణి బట్టి మార్చండి. ఈ సంగతి నాకు ఏ ట్రైనింగులోనూ తెలియలేదు, ఒక రొయ్యల మేత బస్తా దగ్గర తెలిసింది.

కొన్నేళ్ల కిందట నా తొమ్మిదో తరగతిలో 41 మంది ఉండేవారు. మొదటి పీరియడ్ నాదే. చివరి బెంచీలో ఒక కుర్రాడు వారానికి మూడు రోజులు నిద్రపోయేవాడు. రెండుసార్లు నిలబెట్టాను. ఒకసారి బయటికి పంపాను. పుస్తకం తెరిచి చదవమంటే రెండో మాట దగ్గరే ఆగిపోయేవాడు. నా రిజిస్టరులో వాడి పేరు పక్కన, బాగా వెనకబడ్డవాడని ఎర్ర ఇంకుతో 'సి' అని రాసుకున్నాను. ఒకరోజు కోపం పట్టలేక, రాత్రంతా ఏం వెలగబెడుతున్నావురా అని అడిగాను.

“రాత్రి కరెంటు పోయిందండి మాస్టారూ. ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోద్దండి. నాన్నా నేనూ జనరేటర్ కాడే ఉన్నామండి” అన్నాడు.

ఏరేటర్లంటే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు. తెల్లారేసరికే ఎందుకురా అంటే, “అప్పుడు డీఓ పడిపోద్దండి” అన్నాడు. డీఓ అంటే ఏంటని అడిగాను, నాకు నిజంగానే తెలియదు. “డిజాల్వ్‌డ్ ఆక్సిజనండి” అని తడుముకోకుండా చెప్పాడు, అంటే నీళ్లలో కరిగి ఉండే ప్రాణవాయువు. నేను సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పుస్తకంలో రెండు మాటలు చదవలేని కుర్రాడు ఆ మాట నాకంటే స్పష్టంగా పలికాడు.

ఆ రోజు పాఠం పక్కన పెట్టేశాను. చెరువు దగ్గర వాడే ఇంగ్లీష్ మాటలన్నీ చెప్పరా అని బోర్డు మీద రాస్తూ పోయాను. ఫీడ్, సీడ్, చెక్ ట్రే, సెలైనిటీ, పీహెచ్, ప్రోబయోటిక్, వైట్ స్పాట్, కౌంట్, హార్వెస్ట్. ముందు వారమే నేను హార్వెస్ట్ అనే మాటకు 'పంట కోత' అని అర్థం రాయించాను. వాడు 'పట్టుబడి' అన్నాడు, అంటే చెరువులో పెరిగిన రొయ్యను పట్టడం. రెండూ సరైనవే, కానీ మా ఊళ్లో సగం ఇళ్లకు వాడు చెప్పిందే దగ్గర. వెనక బెంచీల్లోంచి ఇంకో నలుగురు లేచి మాటలు అందించారు. ఆ నలుగురి గొంతు నేను ఆ క్లాసులో అంతకు ముందు వినలేదు.

మర్నాడు వాడు 25 కిలోల ఖాళీ మేత బస్తా ఒకటి మడిచి తెచ్చాడు. దాన్ని బోర్డుకు తగిలించాం. క్లాసులో అందరికంటే బాగా చదివే అమ్మాయి ఒకతె ఉండేది, ఏడో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం ప్రైవేటు బడిలో చదివి వచ్చింది. బస్తా మీద ఉన్నదంతా చదవమన్నాను. క్రూడ్ ప్రోటీన్, ఫ్యాట్, ఫైబర్, మాయిశ్చర్, 'స్టోర్ ఇన్ ఎ కూల్, డ్రై ప్లేస్', అన్నీ తప్పు లేకుండా చదివింది. మాయిశ్చర్ అంటే ఏమిటమ్మా అంటే ఆగిపోయింది. చివరి బెంచీ నుంచి జవాబు వచ్చింది: “తేమండి. తేమ తగిలితే మేత బూజు పడుద్దండి.”

ఆ వారం మా పాఠంలో బిగ్గర్, స్మాలర్ లాంటి పోలికల వ్యాకరణం ఉంది. సరే, రొయ్యల మీదే ఒక వాక్యం రాయండి అన్నాను. ఆ అమ్మాయి చక్కగా రాసింది: 'ఎ హండ్రెడ్ కౌంట్ ష్రింప్ ఈజ్ బిగ్గర్ దేన్ ఎ థర్టీ కౌంట్ ష్రింప్.' వ్యాకరణం చూస్తే నూటికి నూరు మార్కులు వేయాలి. ఆ కుర్రాడు లేచి, “కాదండి మాస్టారూ, తిరగేసి రాసిందండి” అన్నాడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 100 కౌంట్ అంటే కిలోకి వంద, అంటే చిన్న రొయ్య. 30 కౌంట్ పెద్దది, రేటూ దానికే ఎక్కువ. బోర్డు దగ్గరికి వచ్చి రాయరా అంటే చెయ్యి వణికింది కానీ రాశాడు: '30 కౌంట్ బిగ్. 100 కౌంట్ స్మాల్.' స్మాల్‌లో ఒక ఎల్ తక్కువైంది.

ఒకరి వాక్యం సరైనది, ఇంకొకరి విషయం సరైనది. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, కలిసి సరిచేసి తెమ్మన్నాను. ఆ అమ్మాయి వాడి వాక్యంలో 'ఈజ్' పెట్టింది. “ఎందుకది?” అని వాడు అడిగాడు. ఆమెకు చెప్పడం రాలేదు. “పెట్టాలంతే” అంది. వాడు ఒప్పుకోలేదు. ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు.

ఆ 'ఈజ్' గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. తెలుగులో 'ఆయన మా మావయ్య' అంటాం. అందులో క్రియ లేదు, ఉండనక్కర్లేదు. 'ముప్పై కౌంట్ పెద్దది' అన్నా అంతే. ఆ అలవాటుతో పిల్లవాడు 'హి మై అంకుల్' అని రాస్తే మనం ఎర్ర ఇంకుతో కొట్టేసి మొద్దబ్బాయి అంటాం. వాడు తన భాష వ్యాకరణాన్ని పద్ధతిగా పాటించాడు. స్పెల్లింగూ అంతే. తెలుగులో 'క' ఎక్కడున్నా 'క'నే. ఇంగ్లీష్‌లో సి అనే అక్షరం క్యాట్‌లో ఒకలా, సిటీలో ఇంకోలా పలుకుతుంది. యు అనే అక్షరం బట్‌లో ఒకలా, పుట్‌లో ఇంకోలా. అక్షరాన్ని నమ్ముకుని చదివే పిల్లవాడే ఇక్కడ ముందు దెబ్బతింటాడు. ఈ తేడా తెలుగులో వివరించి చెబితే పది నిమిషాల పని. ఇంగ్లీష్‌లోనే చెప్పాలని పట్టుబడితే ఏడాది గడిచినా వెనక బెంచీకి చేరదు.

ఇంగ్లీష్ పీరియడ్‌లో తెలుగు వినపడకూడదనే పెద్దలంటే నాకు అందుకే ఒళ్లు మంట. 2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో సైన్సు, సోషల్ లాంటి పుస్తకాలను కింది తరగతులతో మొదలుపెట్టి, ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు వచ్చేలా అచ్చువేస్తున్నారు. పుస్తకంలో రెండు భాషలూ పక్కపక్కన ఉండొచ్చు గానీ టీచరు నోట్లో ఉండకూడదా?

ఇక పని పంచడం సంగతి. ఆ బస్తాతోనే వారమంతా నడిపాను. అక్షరాలు తడబడేవాళ్లు బస్తా మీంచి పది మాటలు చూసి రాసి, పక్కన తెలుగు అర్థం రాయాలి. మధ్యవాళ్లు ఆ మాటలతో ఐదు వాక్యాలు రాయాలి. బాగా వచ్చినవాళ్లు చెరువుకు కొత్తగా వచ్చిన పనివాడికి సూచనలు రాయాలి: మేత రోజుకు ఎన్నిసార్లు వెయ్యాలి, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే ఏం చెయ్యాలి. ఈ మూడో పనికి సమాచారం వెనక బెంచీలో ఉంది కాబట్టి ముందు బెంచీవాళ్లు లేచి అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. ఎవరు ఏ పని చేయాలో నేను చెప్పలేదు, వాళ్లనే ఎంచుకోమన్నాను. రెండో వారానికి మొదటి పని వదిలేసి రెండో పనికి వచ్చినవాళ్లు ఆరుగురు.

అక్షరాలే రానివాళ్లకు ఇదొక్కటే చాలదు. వాళ్లకు రోజూ ప్రార్థనకు ముందు పదిహేను నిమిషాలు విడిగా ధ్వనులు, చిన్న మాటలు చెప్పేవాణ్ణి. కానీ పీరియడ్ మొదలయ్యాక అందరితో పాటే కూర్చునేవారు.

“బాగా చదివేవాళ్లు నష్టపోరా?” అని తల్లిదండ్రులు అడుగుతారు, మిమ్మల్నీ అడుగుతారు. నష్టపోరు. 'ఈజ్' ఎందుకు పెట్టాలో పక్కవాడికి చెప్పాల్సి వచ్చిన రోజే ఆ అమ్మాయి మొదటిసారి దాని గురించి ఆలోచించింది. అంతవరకూ ఆమెకు వచ్చింది చదవడం ఒక్కటే.

ఏ, బీ, సీ అని బ్యాచ్‌లు చేసి, సీ బ్యాచ్‌ను వేరే గదిలో కూర్చోబెట్టే పద్ధతి మాత్రం నేను చూసినంతలో ఒక్క బడిలోనూ పనిచేయలేదు, పనిచేయదు. పదో తరగతిలో ఇంగ్లీష్‌కు 100కు 35 వస్తే పాసు. ఆ 35 కోసం సీ బ్యాచ్ చేత ఒకే లేఖ, ఒకే వ్యాసం డిసెంబరు నుంచి బట్టీ పట్టిస్తారు. లేఖ ఎవరికి రాస్తున్నారో కూడా వాళ్లకు తెలియదు. పాసవుతారు, మర్నాడు బ్యాంకులో ఫారం నింపలేరు. పైగా 'నువ్వు సీ' అన్న మాట పిల్లవాడికి పెళ్లయ్యాక కూడా గుర్తుంటుంది. నాతో చెప్పుకున్నవాళ్లున్నారు.

అసలు ఈ స్థాయిలు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడండి. జూన్ 12న బడి తెరుస్తాం. జూలై, ఆగస్టులో గోదారి పొంగుతుంది. కాజ్‌వేలు మునిగితే లంకల పిల్లలకు పడవే దిక్కు, నీళ్లు మరీ ఎక్కువైతే అదీ తిరగదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 70 అడుగులు దాటిన వరదప్పుడు మా లంక పిల్లలు మళ్లీ బడిలో కుదురుకునేసరికి మొదటి యూనిట్లు అయిపోయాయి. ఆ పిల్లల్ని మనం వెనకబడినవాళ్లంటున్నాం. నిజానికి పాఠం వాళ్లను వదిలేసి ముందుకు పోయింది.

మేత బస్తా తర్వాత పిల్లలు ఇంటి నుంచి ఏదో ఒకటి తేవడం అలవాటైంది. ఒకమ్మాయి, తల్లి కువైట్ వెళ్లినప్పటి విమానం టికెట్ ప్రింటు తెచ్చింది. డిపార్చర్, అరైవల్, బ్యాగేజ్ అన్నీ అందరం కలిసి చదివాం. చివర్లో “వన్ వే అంటే ఏంటండి మాస్టారూ?” అని అడిగింది. అర్థం చెప్పడానికి నాకు కాసేపు నోరు పెగల్లేదు.

చెరువు కుర్రాడికి పదో తరగతి ఇంగ్లీష్‌లో 52 వచ్చాయి. రిజిస్టరులో వాడి పేరు పక్కన రాసిన 'సి' నేను ఆ ఏడాదే కొట్టేశాను. తర్వాత ఎవరి పక్కనా రాయలేదు.

మీ ఊరు ఏదో మీరు రాయలేదు. అంబాజీపేట వైపైతే కొబ్బరి మార్కెట్ రేట్ల చీటీలు దొరుకుతాయి, చెరువుల వైపైతే బస్తాలు, ఎక్కడైనా మందుల షాపు బిల్లులు. సోమవారం కల్లా ఇంగ్లీష్ అక్షరాలున్న వస్తువు ఒకటి తెమ్మనండి. సగం మంది తీసుకురారు, ఏమీ అనకండి, తెచ్చినవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. పురుగుమందు డబ్బాలు, సీసాలు మాత్రం ఖాళీవైనా సరే ముట్టుకోవద్దని ముందే గట్టిగా చెప్పండి. మేత బస్తా తెస్తే దులిపి, ఉతికి, ఒకరోజు ఎండలో ఆరేసి తెమ్మనండి. లేదంటే ఆ వాసన రెండు రోజులు గదిలోనే ఉంటుంది.