బజ్జీల కొట్టుకు కొన్న గ్యాస్ ఫ్రయర్ పాడైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు కొత్తపేట. మా వారు, నేను కలిసి సాయంత్రాలు మిరపకాయ బజ్జీలు, పునుగులు, చికెన్ పకోడీ వేసి అమ్ముతాం. సాయానికి ఒక కుర్రాడు ఉన్నాడు. నాలుగు నెలల క్రితం విజయవాడలో ఒక డీలర్ దగ్గర రెండు ట్యాంకుల గ్యాస్ ఫ్రయర్ 58 వేలకు కొన్నాం. 180 డిగ్రీల దగ్గర పెట్టినా మంట తగ్గదు. నూనె పొగలు కక్కి నల్లబడిపోతోంది. మెకానిక్ రెండుసార్లు వచ్చి, ‘పెద్ద రెగ్యులేటర్ పెట్టుకోండి’ అని చెప్పి వెళ్లిపోయాడు. డీలర్‌ని అడిగితే, ‘వ్యాపారానికి కొన్న వస్తువుకి కన్స్యూమర్ కోర్టు వర్తించదు, వేసినా విజయవాడలోనే వేసుకోవాలి, బిల్లు మీదే రాసి ఉంది’ అంటున్నాడు. నిజమేనా? ఇంకొకటి కొనాల్సి వస్తే ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, కేసు సంగతికి ముందు ఒక మాట. ఆ ఫ్రయర్‌ని ఈ రోజు నుంచే వాడకండి. వేడి హద్దు దాటినా ఆగకుండా కాగే నూనె పొగతో సరిపెట్టదు, అంటుకుంటుంది. దానిపై నీళ్లు పోస్తే మంట ఎగిసి మీద పడుతుంది. లోపం ఉందని తెలిసీ వాడుతుండగా కుర్రాడికో, కొట్టు ముందు నిలబడ్డవాళ్లకో ఏమైనా అయితే మీరూ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. బయటి మెకానిక్‌తో విప్పించవద్దు కూడా. మీ కేసులో అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఆ యంత్రమే.

ఇక డీలర్ మాట. అందులో సగమే నిజం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(7) ప్రకారం వాణిజ్య అవసరానికి వస్తువు కొన్నవారు వినియోగదారులు కారు. డీలర్ అక్కడితో చదవడం ఆపేశాడు. దాని కిందే ఉన్న వివరణ ఏమంటుందంటే, స్వయం ఉపాధితో బతుకుతెరువు సంపాదించుకోవడానికి మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువు ‘వాణిజ్య అవసరం’ కిందికి రాదు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే దీన్ని విడమరిచి చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే. యంత్రం దగ్గర ఒకరిద్దరిని సాయానికి పెట్టుకున్నా ఆ హక్కు పోదు. యంత్రం కొని పూర్తిగా జీతగాళ్ల చేతుల్లో పెట్టి, లాభం మాత్రం తీసుకునేవాడి సంగతి వేరు. 2018లో మరో కేసు వచ్చింది. ఇద్దరు నిరుద్యోగ పట్టభద్రులు భాగస్వాములుగా కొన్న ఫోటో ప్రింటింగ్ యంత్రం పాడైతే, వాళ్లను కూడా సుప్రీంకోర్టు వినియోగదారులుగానే చూసింది. భార్యాభర్తలు ఇద్దరూ బాండలి ముందు నిలబడి నడుపుకునే కొట్టు అంతకంటే తక్కువదేం కాదు. కుర్రాడు ఉన్నాడని బెంగపడకండి.

అయితే ఈ మినహాయింపు మీకు వర్తిస్తుందని చూపించాల్సిన బాధ్యత మీదే. చాలామంది ఇక్కడే నష్టపోతారు. ఫిర్యాదులో ‘మాది హోటల్ వ్యాపారం’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు, అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. మీరు స్పష్టంగా రాయించండి: ఇదే మా జీవనాధారం, వంట మేమే చేస్తాం, అమ్మకం మేమే చూస్తాం, ఇంకో శాఖ లేదు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ పత్రం, కొట్టు అద్దె కాగితం, బ్యాంకు లోను తీసుకుని ఉంటే ఆ పత్రాలు జతచేయండి. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటే అవతలివాళ్లు తప్పకుండా ఎత్తి చూపుతారు. కానీ యంత్రం ఎవరి చేతుల్లో, ఎవరి బతుకు కోసం నడుస్తోందన్నదే అసలు ప్రశ్న.

‘విజయవాడలోనే వేయాలి’ అని బిల్లు మీద అచ్చేసిన వాక్యం చూసి ఆగిపోవద్దు. అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా స్వయంగా పనిచేసుకునే చోట కూడా వేయవచ్చు. అంటే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ పరిధే. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. డీలర్‌తో పాటు తయారీ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. లేకపోతే రేపు ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు.

ముందుగా ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వాట్సాప్‌లో డీలర్‌తో నడిచిన మాటలేవీ చెరిపేయవద్దు. ముఖ్యంగా కొనకముందు ‘మా కొట్టుకి ఇది సరిపోతుందా, ఏ గ్యాస్‌కి’ అని మీరు అడిగినవి, ఆయన ‘భేషుగ్గా సరిపోతుంది’ అన్నవి. వస్తువుల అమ్మకం చట్టం 1930, సెక్షన్ 16 ప్రకారం కొనేవాడు తన అవసరం చెప్పి అమ్మేవాడి అనుభవాన్ని నమ్ముకుని కొంటే, ఆ అవసరానికి పనికొచ్చే వస్తువే ఇవ్వాలి. మెకానిక్ వచ్చిన తేదీలు, పారబోసిన నూనె తాలూకు కొనుగోలు బిల్లులు, పొగ కక్కుతున్నప్పుడు తీసిన వీడియో ఉంటే అవీ దాచండి. లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ లేబొరేటరీకి పంపించగలదు, దానికయ్యే ఫీజు మిమ్మల్ని జమచేయమంటుంది. లోపం రుజువైతే బాగుచేయించడం, మార్చి ఇవ్వడం, డబ్బు వాపసు, పరిహారం, వీటిలో ఏదైనా ఆదేశించవచ్చు. నా సలహా, ముందు వాపసే అడగండి. వేడి అదుపు చేయలేని యంత్రాన్ని బాగుచేశామంటే మళ్లీ దాని ముందు నిలబడాల్సింది మీరే.

మీ ఉత్తరంలో ఏ సిలిండర్ వాడుతున్నారో లేదు. అవతలి లాయరు మొదట అడిగేది అదే. ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండర్ కొట్టులో వాడటం 2000 నాటి ఎల్పీజీ కంట్రోల్ ఆర్డర్‌కి విరుద్ధం, నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు అవుతుంది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ రసీదులు మీ దగ్గర ఉంటే నిశ్చింత. ఇంటి సిలిండరే వాడుతుంటే వెంటనే మార్చుకోండి, నోటీసు పంపకముందే.

నల్లబడ్డ నూనె ఖర్చు భరించలేక మళ్లీ మళ్లీ వాడుతున్నారేమో, అదీ వద్దు. మొత్తం పోలార్ కాంపౌండ్లు (నూనె పదేపదే కాగి చెడినప్పుడు పుట్టే పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. ఎక్కువ కాగిన నూనె ఆ హద్దును తొందరగా దాటుతుంది. ఫుడ్ సేఫ్టీ అధికారి వస్తే పట్టుకునేది మిమ్మల్నే, డీలర్‌ని కాదు.

ఇంకో ఫ్రయర్ కొనేటప్పుడు ధర గురించి బేరమాడే ముందు నాలుగు విషయాలు బిల్లు మీదే రాయించండి. బర్నర్ ఎల్పీజీకా, పైపు గ్యాస్‌కా అన్నది మొదటిది. రెండింటికీ జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ వచ్చే సన్నని మూతి) రంధ్రాల సైజు వేరు. పైపు గ్యాస్ జెట్‌తో ఎల్పీజీ వాడితే మంట మితిమీరి మసి పడుతుంది. మీ ఫ్రయర్‌లో ఇదే జరిగిందేమో కూడా నిపుణుడితో చూపించమని ఫిర్యాదులో కోరండి. రెండోది, ఎంత ప్రెషర్‌కి తయారైందో, ఏ రెగ్యులేటర్ పెట్టాలో. తక్కువ ప్రెషర్ యంత్రానికి పెద్ద రెగ్యులేటర్ తగిలించమన్న మెకానిక్ సలహా చాలా ప్రమాదకరం, ఆ మాట రాతపూర్వకంగా ఉంటే అది మీకు సాక్ష్యమే. మూడోది, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ విఫలమైనా గ్యాస్ ఆపే రెండో కటాఫ్, మంట ఆరిపోతే గ్యాస్ ఆగే ఏర్పాటు ఉన్నాయా అని. నాలుగోది, వారంటీ ఎన్ని నెలలు, విడిభాగాలకూ వర్తిస్తుందా, మెకానిక్ గుంటూరు వస్తాడా అని. తీసుకునే రోజున మీ కొట్టులోనే, మీ సిలిండర్‌తోనే, ట్యాంకు నిండా నూనె పోసి కాచి, విడిగా కొన్న థర్మామీటర్‌తో చూశాకే మిగతా డబ్బు కట్టండి. దానికి ఒప్పుకోని డీలర్ దగ్గర కొనకండి.